కైకాటి

ఇంగ్లీషు కాగితంలో ‘ఆర్మ్’ అని ఉంది.
నేను ‘చేయి’ అని రాశాను.
పద్దెనిమిది పేజీల అనుమతి పత్రం,
సూర్యారావుపేటలో కరెంటు పోయి వచ్చే మధ్యలో
రాత్రి రెండింటిదాకా తెలుగు చేశాను.
‘ఈ అధ్యయనానికి రెండు చేతులున్నాయి.
మీరు ఏ చేతిలో పడతారో కంప్యూటరు నిర్ణయిస్తుంది.’

కొల్లాబత్తుల ఏసోబు అక్కడ ఆపించాడు.
తలకి ఎడమ పక్క కుట్లు, ఇంకా మొలవని జుట్టు.
కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకుని
నవ్వాడు.
“ఎవరి చేతిలో పడ్డా పడటమే గదా మేడమ్.”

ఇరవయ్యారేళ్ళు రైల్వేలో.
మొదట్లో కొండపల్లి అవతల చిన్న కేబిన్లో లీవర్లు లాగాడట.
ఎండలకి తీగ సాగి చెయ్యి సగమే వాలేదట.
సగం వాలిన చెయ్యిని డ్రైవరు నమ్మడు,
బండి మామిడితోటల మధ్య నిలబడి అరిచేదట.
“చెయ్యి కాదండీ, మావోళ్ళు కైకాటి అంటారు.
రెండు కైకాట్లు. ఒకటి మెయిను, ఒకటి లూపు.
అట్టా రాయండి, తెలుస్తది.”

మెయిన్లో కిరణాలు, ఒక క్యాప్సూలు.
లూపులో కిరణాలు, ఆ క్యాప్సూలే, తోడుగా ఇంకో మాత్ర.
మెయిను వాళ్ళకీ మాత్ర ఇస్తాం గానీ
అందులో మందుండదు. అదే రంగు, అదే బరువు, ఉత్త పిండి.
ఏది ఎవరిదో మీకు తెలియదు,
డాక్టరుగారికి తెలియదు, నాకూ తెలియదు.
“మరి కేబిన్లో ఎవరున్నట్టు?”

ఆ పేజీలో దానికి జవాబు లేదు.

రెండు మందులెందుకని రూతమ్మ అడిగింది.
ఒకటి కణాన్ని కోస్తుంది, కణం మళ్ళీ కుట్టుకుంటుంది,
రెండోది ఆ కుట్టే దారాన్ని దాచేస్తుంది అన్నాను.
డాక్టరుగారు తల ఊపీ ఊపనట్టు ఊపారు.
ముత్యాలంపాడులో జాకెట్లు కుట్టే మనిషి,
“దారం లేకపోతే ముడేస్తారు” అంది.

సంతకం ఎడమ చేత్తో.
‘ఏసో’ దాకా వచ్చి ఆగింది.
ఆ గడిలో ‘బు’ ఇప్పటికీ లేదు.

కైకాటి అన్న మాట కమిటీ ఒప్పుకోలేదు.
ఇప్పుడెవరికి తెలుసమ్మా, ‘విభాగం’ అని పెట్టమన్నారు.
పెట్టాను.

ఎనిమిది వారాలకొక స్కాను.
నాలుగో స్కానుకి నీడ చిక్కింది.
పైకి ఎవరూ అనలేదు గానీ అందరి ముఖాల్లో ఒకటే:
లూపే.
ఆరో స్కానుకి మాటలు జారడం మొదలైంది.
నీళ్ళని ‘అది’ అన్నాడు.
రూతమ్మని ‘గార్డు’ అన్నాడు.
ఆవిడకి కోపం రాలేదు. బండి చివర ఉండేది గార్డే కదా అంది.
రాత్రిళ్ళు మధురానగర్ వైపు గూడ్సు పోతుంటే మాత్రం
వేళ్ళతో పెట్టెలు లెక్కపెట్టేవాడట,
ఒక్కటీ తప్పకుండా.

పదిహేనో నెల రూతమ్మ ఒక్కతే వచ్చింది.
సీసా బల్ల మీద పెట్టింది.
మిగిలిన మాత్రలు లెక్కపెట్టి తీసుకోవాలి, నిబంధన.
పదకొండు.
పన్నెండుండాలి.
మళ్ళీ లెక్కపెట్టాను.

“ఒకటి నేను మింగాను.
ఆయన పోయిన మూడో రోజు.
మందో పిండో చూద్దామని.”

అడగకూడదు. అడిగాను.
“తెలిసిందా?”

“కడుపులో కాస్త తిప్పింది.
అది ఆకలేమో.
రెండ్రోజుల్నించీ ఏం తిన్లా.”

కోడు ఇంకా విప్పలేదు.
మూడు వందల మంది పూర్తయ్యేదాకా విప్పరు.
ఏసోబు నూట నలభై మూడు.

తేడా ఫారంలో ‘కారణం’ అని ఒక గడి.
‘మాత్ర ఒకటి తక్కువ, భార్య మింగారు’ అని రాసి
పక్కన, ‘ఏ కైకాటి పడిందో చూడటానికి’ అని కూడా రాసి
కొట్టేశాను.
కొట్టేసిన చోట తేదీ, పొట్టి సంతకం.
ఒక్క గీతే గీయాలి.
కింద మాట కనపడుతూ ఉండాలి,
అదీ నిబంధనే.