మూడో కార్బను కాపీ

దోన్ బల్తసార్ గారి నవల
మూడుసార్లు టైపు కొట్టాను ఆ చలికాలం,
మాంటెవిడియోలో, రేవు వీధి మేడ మీద,
కొసలు కత్తిరించిన ఊలు తొడుగుల్లో వేళ్ళు,
పక్కన చల్లారిన మాతే.

మా భాషలో "ఆమె" అనే మాట చివరి అక్షరం
నా మెషీన్లో ఇరుక్కుంటుంది.
గట్టిగా కొట్టాలి.
"అతను"కి ఆ బాధ లేదు, జారిపోతాడు.

కథంతా మొగుడి కళ్ళజోడులోంచే.
లియోకాడియా అందులో ఒక వీపు,
ఒక జత చేతి తొడుగులు,
ఇంట్లో వాడని సబ్బు వాసన.
రెండువందల పద్నాలుగు పేజీల్లో
ఆమె నోరు విప్పేది పదకొండు చోట్ల,
పదకొండూ అబద్ధాలు.
పేజీకింతని నాకు కూలి, లెక్క అలవాటు.

న్యాయానికి నేను ఆ మొగుడి వైపే ఉండాలి.
మా ఆన్సెల్మో
మందుల షాపు దెల్మీరా దగ్గరికి
రెండేళ్ళు తిరిగాడు, తలనొప్పి బిళ్ళల కోసం.
మా ఇంట్లో ఎవరికీ తలనొప్పి లేదు,
అప్పటిదాకా.

ఆ రెండేళ్ళూ నన్ను రాయమంటే
దెల్మీరాని ఏం చేసేదాన్నో నాకు తెలుసు.
మొదటి అధ్యాయంలోనే ట్రాము కింద తోసేదాన్ని.
కానీ ఓ రోజు దగ్గుమందుకి వెళితే
చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది,
ఒక్క సెంటెసిమో కూడా నాకు తగ్గకూడదన్నట్టు.
ఆ వేళ్ళు వణికాయి.
నా కళ్ళజోడులో ఆ వణుకు ఎన్నడూ లేదు.
క్షమించానని కాదు. చిల్లర తీసుకున్నాను, అంతే.

ఇక చివరి అధ్యాయం.
లియోకాడియా నదిలోకి మూడడుగులు వేసి మునిగిపోవాలి.
"నీతి లేకపోతే, సెన్యోరా,
పాఠకుడు ఏం పట్టుకుని ఇంటికెళ్తాడు?"

ఆయన పుస్తకాల్లో పెరిగారు, నేను ఒడ్డున పెరిగాను.
మా గోధుమరంగు నదికి వెడల్పే గాని
లోతంటే బద్ధకం.
మూడు కాదు, మూడొందల అడుగులు వేసినా
మోకాలు దాటదు.
మునగాలంటే ఆమె తెల్లారేదాకా నడవాలి.
అంతసేపు నడిస్తే
మనసు మారదా ఎవరికైనా?

పైకి అనలేదు. కూలి మనిషిని.
మొదటి కాపీలో ముంచేశాను, రెండోదాంట్లోనూ.
మూడోదానికి మాత్రం
ఆఖరి కాగితం విడిగా మెషీన్లోకి ఎక్కించాను.

అందులో లియోకాడియా
చెప్పులు చేతపట్టుకుని
మోకాలిలోతు చలిలో నిలబడి ఉంది.
కాలివేళ్ళ సందుల్లో బురద.
ఒడ్డున మొగుడు, అతని చేతిలో లాంతరు.
ఇటునుంచి చూస్తే
ఆ లాంతరు ఎంత చిన్నదో.

ఇటునుంచి, అని కొట్టాకగాని తెలియలేదు
నేను ఎక్కడ నిలబడ్డానో.
లంగా అంచు తడిసి బరువెక్కింది.
మీట మళ్ళీ ఇరుక్కుంది.