పెడచెవి

రాత్రి పదకొండు దాటి
కనజావాలో కుళాయిలన్నీ కట్టేశాక
నా పని మొదలవుతుంది.
ఐదడుగుల ఇనుప కడ్డీ.
ఒక కొన మీటరు మూత కింది గొట్టం మీద,
ఒక కొన నా చెవికి.

వాడుకునే నీళ్ళు ఆగి ఆగి మాట్లాడతాయి.
ఎవరో స్నానం చేస్తారు, చాలిస్తారు.
కారే నీళ్ళకు చాలించడం తెలియదు.
సన్నగా, ఒకే శ్రుతిలో,
పళ్ళ సందున గాలి పీల్చినట్టు, తెల్లవార్లూ.
ఇంతే తేడా.
ఇది పట్టుకోడానికి నాకు ఆరేళ్ళు పట్టింది.

నేర్పినవాడు గెంపెయ్.
"ముందు నువ్వు ఊరుకో, చిజురూ.
ఊరుకున్న చెవికే ఊరు వినబడుతుంది" అనేవాడు.
మంచులో మోకాళ్ళ మీద కూచుని
టోపీ ఒక చెవి మీదికి లాక్కుని
పక్కన లారీ ఆగినా కన్ను తెరిచేవాడు కాదు.
మొన్న మార్చిలో పోయాడు.
మంగళవారం దహనం.
బుధవారం నేను డ్యూటీలో ఉన్నాను.
సెలవు పెట్టుకోమన్నారు. ఎందుకూ, అన్నాను.

అప్పటినుంచీ ఇదీ నా వరస:
డ్యూటీలో నీళ్ళు తాగను,
మరుగుదొడ్డి కోసం పని ఆపడం నామోషీ గనక.
(నీళ్ళ శాఖ మనిషిని. నవ్వుకోవచ్చు.)
ఆకలి మూడుసార్లు పిలిచి ఊరుకునేది, ఊరుకోనిచ్చాను.
ఎడమ దవడ బిగుసుకుపోతే చలి అన్నాను.
నిద్ర గుమ్మం దాకా వచ్చి
చెప్పులైనా విడవకుండా వెళ్ళిపోతే
వయసు అన్నాను. నలభై తొమ్మిది.
వీధి వీధికీ చెవి అప్పగించిన దాన్ని
ఒంటిని మాత్రం పెడచెవిన పెట్టాను.

డిసెంబరులో, తెరమాచి సందులో,
మూతబడ్డ టోఫు కొట్టు ముందు
కారుతున్న చప్పుడు. స్పష్టంగా.
సుద్దతో సున్నా చుట్టాను.
పది అడుగులు జరిగాను, అక్కడా.
వంతెన మొదట్లో, గొట్టమే లేనిచోట, అక్కడా.
"వాల్వు కట్టెయ్" అన్నాను కుర్రాడితో.
షుంపెయ్ కట్టేశాడు. చప్పుడు ఆగలేదు.
"ఇంకాస్త బిగించు."
"ఇంక తిరగదు, చిజురుగారూ."
కడ్డీ చెవి నుంచి తీశాను.
కారుతూనే ఉంది.

వాడు ఏమీ అడగలేదు.
కడ్డీ తీసుకుని వ్యానులో పెట్టి
వీధి మొగలో మరలో నాణేలు వేసి
వేడి మొక్కజొన్న సూపు డబ్బా తెచ్చాడు.
రెండు చేతులా పట్టుకున్నాను.
మొదటి గుక్కకి కడుపు అరిచింది, వాడికీ వినబడేంత.
రెండో గుక్క దిగలేదు.
గొంతులో ఏదో అడ్డం,
తొమ్మిది నెలలుగా అక్కడే ఉంది కాబోలు.
వ్యాను మెట్టు మీద కూచుని ఏడ్చాను, చీదుకుంటూ, అసహ్యంగా.
కుర్రాడు అటు తిరిగి
నా తెల్ల సున్నాలు ఒక్కొక్కటే
బూటుతో చెరుపుకుంటూ పోయాడు.

డాక్టరు మెడలో గొట్టం చూసి
మనవాడే అనుకున్నాను.
అతనూ కళ్ళు మూసుకునే విన్నాడు.
ఒత్తిడి ఎక్కువగా ఉందన్నాడు.
తెలుసన్నాను. ఊరు నిద్రపోయాకే
గొట్టాల్లో ఒత్తిడి పెరుగుతుంది, పగిలేదీ అప్పుడే.
ఎన్నాళ్ళుగా, అన్నాడు.
చప్పుడు విని
గొట్టం ఏ కాలంలో పాతారో చెప్పగలను నేను.
దీనికి జవాబు దొరకలేదు.

ఇప్పుడు బిళ్ళ వేసుకుంటున్నాను.
ఫ్లాస్కులో బార్లీ టీ.
ఒంటిగంటకి, రాత్రంతా తెరిచుండే కొట్టు దగ్గర
"షుంపెయ్, ఆపు" అనడం నేర్చుకుంటున్నాను, కష్టంగానే.
చెవిలో చప్పుడు పూర్తిగా పోలేదు.
కొన్ని రాత్రులు తెరమాచి దాటుతుంటే హెచ్చుతుంది.
కడ్డీ గోడకి ఆనించి కాసేపు నిలబడతాను.
గెంపెయ్ చేతులు గుర్తొస్తాయి,
చలికి పగిలి, వేళ్ళ కణుపుల దగ్గర నెత్తురు చారలు.
ముప్పై ఏళ్ళు వంగి విన్నాడు.
ఒక్కనాడూ నడుం నొప్పి అనలేదు.
అడిగి ఉండాల్సింది.