కొండెక్కడం

రాత్రి డ్యూటీ దిగి, జడయినా విప్పుకోకుండా
హనుమంతవాక దాటి అడవిలోకి వచ్చాను.
జీడిమామిడి చెట్ల కింద అప్పటికే
తాడు పరిచి ఉంది, ఆరబెట్టిన వలలా.

గౌరునాయుడు షిప్‌యార్డులో రిగ్గరు.
ఇరవయ్యేళ్లుగా ఇనుముకి ముడులేసిన చేతులు
నా నడుం దగ్గర ఎనిమిది అంకెలా ఒక ముడి వేసి,
వెంటనే విప్పేశాయి.
"ఇప్పుడు నువ్వెయ్యి."
మూడుసార్లు తప్పాను.
నాలుగోసారి ముడి వంకే చూసి, నా వంక చూడకుండా
"సరే, ఎల్లమ్మా" అన్నాడు.

ఎర్ర బండ. తుప్పు చారలు.
అక్కడక్కడ గోమేదికపు పలుకులు.
కుడిపక్క, నుదురులా ముందుకు పొడుచుకొచ్చిన చోట
మైథిలి పోతోంది. పదకొండేళ్లు, పన్నూడిన నోరు.
బల్లి చూస్తే సిగ్గుపడాలి.
నాకు పిల్లల పగులు ఇచ్చారు.
ఎనిమిదేళ్ల కవలలు దాన్ని ఎక్కి, దిగి,
ఇడ్లీలు తింటున్నారు.

మా అమ్మమ్మ దీపం ఆరిందని ఎన్నడూ అనలేదు.
కొండెక్కింది అనేది.
ఊళ్లో ఆరిన దీపాలన్నీ ఏదో కొండ మీద
వరసగా కూర్చుని కబుర్లాడుకుంటాయని
చాలా ఏళ్లు నమ్మాను.
వార్డులో మేం ఆ మాట వాడం.
"తొమ్మిదో బెడ్డు ఖాళీ" అంటాం.
నిన్న రాత్రి రెండింటికి అన్నాను.

సగంలో కాలు వణికింది,
కుట్టుమిషను తొక్కుతున్నట్టు.
అరువు బూట్లలో వేళ్లు ముడుచుకున్నాయి.
చేతుల్ని కాదు, కాళ్లని నమ్మండంటూ కింద ఎవరో.
ఏ కాళ్లని?
పన్నెండు గంటలు మంచాల మధ్య నిలబడ్డ వాటినా?

"దిగిపోతాను నాయుడుగారూ!"
"దిగు. తాడు నా కాడుంది.
కాని ఓపాలి ఎడంసెయ్యి కింద సూడు,
రెండేళ్లు పట్టే జాగా."

ఉంది.
రోజూ నాడి చూసే రెండు వేళ్లే పెట్టాను.
లోపల చల్లగా ఉంది.
బండకి నాడి లేదు;
కొట్టుకుంటున్నది నాదే, చెవుల దాకా.

పైన దీపాల్లేవు.
చీమలు. ఎవరో వదిలేసిన వేరుశనగ తొక్కలు.
చెట్ల తలల మీదుగా సముద్రం,
రేవులోకి పిలుపు రాని ఓడ ఒకటి,
పొద్దెక్కినా ఆర్పడం మరిచిన
దాని దీపం.
కాసేపు దాన్నే చూశాను.

"ఆంటీ, తాడు కావాలి!" మైథిలి అరుస్తోంది.

కిందికొచ్చాక ముడి ఎంతకీ ఊడలేదు.
"బరువు పడింది కదమ్మా, టయిమడుగుద్ది"
అంటూ పక్కన కూర్చున్నాడు నాయుడు.
కవలలు నా వాటా ఇడ్లీలు కూడా తినేశారు.