సోమవారం బేరం

సోమవారం వాళ్లకి సెలవు, నాకు బేరం.
మురున్ ఊళ్లో తాడుతో తలుపు కట్టిన
రష్యా వ్యాను ఎవరిదని అడగండి,
నా ఇల్లు చూపిస్తారు.

సెమిసి ముందు సీట్లో కూర్చుంటే
వ్యాను అటే ఒరుగుతుంది.
వెనక మెలెనైటే, ఒళ్లో బుట్ట,
బుట్టలో ఉడకేసిన బంగాళాదుంపలు.
వాళ్ల టోంగాలో అయితే చేమదుంపలట.
ఏ దుంపైనా మట్టిలోదే కదా అని సర్దుకుంది.

వాళ్లు దేవుడి పని మీద వచ్చారు,
నేను పెట్రోలు పని మీద ఉన్నాను.
మొదటి నెల్లోనే ఒప్పందం కుదిరింది:
దారిలో ఆయన నన్ను మార్చడు,
నేను క్యాసెట్టు మార్చను.

పద్దెనిమిది నెలల్లో ఏం చూపించలేదు!
జింకలు చెక్కిన నిలువురాళ్ల దగ్గర
ఒకదాని వీపు నిమిరి, ఎవరు నిలబెట్టారన్నాడు.
మాకంటే ముందువాళ్లన్నాను.
మా దీవిలోనూ ఒక రాతి గుమ్మం ఉంది,
అడిగితే మేమూ ఇదే చెబుతామన్నాడు.

జూలై కుస్తీల్లో మా వస్తాదు ఒకడు
ఆ భుజాలు చూసి ఆగలేక
బరిలోకి రమ్మని చెయ్యి పట్టుకు లాగాడు.
పెద్దమనిషి నవ్వి తప్పుకున్నాడు గానీ
ఆ రాత్రి ఇంట్లో పరుపు మీద
ఒక పట్టు పట్టబోయి నడుం పట్టేసిందని
మర్నాడు మందుల షాపుకి వెళ్తూ మెలెనైటే చెప్పేసింది.

కనుమ మీద రాళ్ల కుప్ప, నీలి గుడ్డలు.
తీరికుంటే దిగి మూడుసార్లు చుట్టాలి,
లేకపోతే మూడుసార్లు హారను కొట్టాలి.
వాళ్లు దిగరు. నేను అడగను.
ఒకసారి మాటల్లో పడి మర్చిపోయాను.
మలుపు తిరిగాక వెనకనుంచి చిన్న గొంతు,
"గన్సుఖ్, హారను?"
సెమిసి కిటికీలోంచి శ్రద్ధగా బయటికి చూస్తున్నాడు.
అటువైపు మంచు తప్ప ఏమీ లేదు.

వెళ్లిపోయే ముందు, ఫిబ్రవరిలో,
సరస్సుకి తీసుకెళ్లాను.
మేం దాన్ని సరస్సు అనం, సముద్రం తల్లి అంటాం.
తీరం లేని దేశం,
ఆశ కొద్దీ పెట్టుకున్న పేరు.
ఆ మాట వినగానే ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు,
సంతలో ఎవరో తమ ఊరి పేరు పలికినట్టు.

వ్యాను నేరుగా నీళ్ల మీదికే దింపాను.
మెలెనైటే కళ్లు మూసుకుని
వాళ్ల భాషలో గబగబా ఏదో అంది.
అమ్మా, నడుమెత్తు మందం, లారీలే పోతాయంటూ
నేను చెబుతూనే ఉన్నాను.
దిగి చూస్తే కాళ్ల కింద నల్లటి గాజు,
తెల్లటి పగుళ్లు లోతుకి దిగి
మధ్యలోనే ఆగిపోయాయి.

సెమిసి పడవల మనిషి,
ముప్పై ఏళ్లు ట్యూనా చేపల వెంట తిరిగినవాడు.
టోపీ తీసి, మోకాళ్ల మీద వంగి
చెవి ఆనించాడు.
లోపలెక్కడో ధడేలుమంది.
మంచు చీలే చప్పుడు, మేం పట్టించుకోం.
ఆయన లేవలేదు.
"ఏమంటోంది?" అందావిడ.
"అలే. నోరు కట్టేశారు, గొణుగుతోంది."
చెవి అంటుకుపోతుందని నేనే లేపాను.

మెలెనైటే మంచు పెళ్లలు ఏరి
సీసాలో వేసుకుంది, మనవలకి చూపిస్తానని.
ఊరు చేరేసరికి అవి ఉత్త నీళ్లు.
ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.
"సముద్రమన్నావు, ఉప్పేదయ్యా?"
"టీలో వేసేసుకున్నాం" అన్నాను.
మా ఇంట్లో మొదటిరోజు ఆ ఉప్పు టీని
మర్యాద కోసం మింగింది గుర్తొచ్చిందేమో
వ్యాను ఊగిపోయేలా నవ్వింది.
ఆ తర్వాత చాలాసేపు నవ్వలేదు.

వాళ్లు వెళ్లి రెండు చలికాలాలు.
ఇచ్చిన పుస్తకం వ్యాను సొరుగులో ఉంది.
నలభయ్యో పేజీ దగ్గర పెట్రోలు రసీదు పెట్టాను.
అడిగితే ఇంకా చదువుతున్నాడని చెప్పండి.

కనుమ మీద ఇప్పుడు నాలుగుసార్లు కొడుతున్నాను.
నాలుగోది ఎందుకని ఎక్కినవాళ్లు అడిగితే
హారను పాతది,
ఒక్కోసారి ఇరుక్కుంటుందంటాను.