సవరణ

"ఎంతమంది?" అనడిగాడు వెర్బేక్.
అతని మొదటి ప్రశ్న ఎప్పుడూ అదే.
నేను మసాలిత్‌లోకి తిప్పాను.
కల్తూమా పెద్దమ్మ
తిరగలి దగ్గర మొదలుపెట్టింది.

పై రాయి అత్తగారిదట, కింది రాయి తను కొన్నదట,
రెంటికీ పొత్తు కుదరడానికి ఏడేళ్ళు పట్టిందట.
ఆ తెల్లవారుజామున సగం సజ్జలు విసిరి
మిగతా సగం గిన్నెలోనే ఉన్నాయట
మోటారుసైకిళ్ళ చప్పుడు వినబడేసరికి.
మనవడు ఇషాగ్ కుడికాలి చెప్పు తొడుక్కున్నాడట.
రెండోది మేక నోట్లో ఉందట.

"ఏమంటోంది?"
"పొద్దున్నే వచ్చారంటోంది" అన్నాను.

అలా రెండు గంటలు.
ఆమె పూస గుచ్చినట్టు చెబుతుంటే
నేను పూసలు రాల్చేసి
దారం మాత్రం అతని చేతికిస్తూ పోయాను.
పొయ్యి మీద ఎండుబెండకాయల పొడి మాడిన వాసన: "ఇంట్లో ఉంది."
ఎండిన వాగులో బోర్లా పడుకుని
కోడలి నోరు అరచేత్తో మూసి
తను లెక్కపెట్టిన చీమలు: "దాక్కుంది."
తరవాత ఒక్కొక్క పేరూ, పేరు వెనక తండ్రి పేరూ,
ఎవరు ఎవరికి ఎంత బాకీ ఉండగా పోయారో అదీ:
"పదకొండు మంది."

అతను చెడ్డవాడని అనను.
తన నీళ్ళసీసా ఆమెకే ఇచ్చాడు.
రాసుకుంటుంటే వేళ్ళు వణకడం చూశాను.
కానీ బ్రస్సెల్స్‌లో ఆరింటికి పేజీ మూసేస్తారు.
అదే పేజీలో ఇంకో యుద్ధం ఉంది,
దాని ఫోటోలు బాగా వచ్చాయి.
నా రోజుకూలీకీ డీజిలుకీ రసీదు మీద నా సంతకం ఉంటుంది,
వార్త మీద ఉండదు.
వద్దని నేనే అన్నాను. సరిహద్దు అవతల
ఇంకా నా చెల్లెలుంది.

మూడు వారాలకి వార్త ఫోన్లోకి వచ్చింది.
నాలుగు పేరాలు. మూడోదాంట్లో ఆమె:
'తన బంధువులు పలువురు మరణించినట్టు
అరవై ఏళ్ళ శరణార్థి ఒకరు తెలిపారు.
దీన్ని స్వతంత్రంగా ధ్రువీకరించుకోలేకపోయాం.'

పలువురు.
పదకొండుని ఎవరో, అక్కడ, కుర్చీలో కూర్చుని
జాగ్రత్తకి చెరిపేశారు.
జాగ్రత్త తప్పని నేననను.
ఇటు రేడియో, అటు రేడియో
పూటకో అబద్ధం వండి వేడివేడిగా వడ్డిస్తున్నాయి.
తూచి చూసేవాడు ఒకడుండాలి.
అతని తక్కెడలో తిరగలి పట్టలేదు, అంతే.

కల్తూమా పెద్దమ్మ నీళ్ళవరసలోంచి వచ్చి
డబ్బా దించింది.
"నా మాట పేపర్లో పడిందటగా. చదువు."
ఫోన్లో తొమ్మిది శాతం ఉంది.

చదివాను.
ఆ నాలుగు పేరాలనే కిందికి జరుపుతూ, పైకి లాగుతూ
తిరగలి దగ్గర మొదలుపెట్టాను.
పై రాయి, కింది రాయి, ఏడేళ్ళు.
చీమలు కూడా.
పేర్లు ఒక్కటీ వదల్లేదు, బాకీలతో సహా.
ఆడవాళ్ళు చుట్టూ చేరారు.
ఇషాగ్ పేరు దగ్గర ఎవరో ముక్కు చీదారు.
మధ్యలో తెర నల్లబడింది.
అరచెయ్యి అడ్డుపెట్టి
బొటనవేలు కదుపుతూనే ఉన్నాను.

అయ్యాక ఆమె చాలాసేపు డబ్బా మూత బిగిస్తూ కూర్చుంది.
"బాగానే రాశాడు, ఆ పొడుగాటి మనిషి.
ఒక్కటే తప్పు.
మేక నోట్లో ఉన్నది ఎడమ చెప్పు.
కుడిదని రాశాడు. దిద్దమను."

సరేనన్నాను.
పెన్ను అడిగి తీసుకుని
అరచేతిలో రాసుకున్నాను: ఎడమ.