మడత

మొదలు చప్పుడొచ్చింది.
గంజి వెట్టిన వెంకటగిరి చీరె
మొదటి మడత ఇప్పుతుంటె వస్తది సూడు, గా చప్పుడు.
చేతుల చీరె లేదు.
నేను ఉత్తగనే లేస్తున్న, పరుపు మీదికెళ్ళి.

జనరల్ బజార్ల ఇరవై రెండేండ్లు
గా తెల్ల పరుపు మీద సక్లముక్లం వెట్టి కూసున్న.
పెండ్లి చీరెలు, పెట్టుడు చీరెలు,
దినాం రెండు నూర్లు ఇప్పుడు, మడుసుడు.
మడత ఒక్కతాన్నే ఉంటె
పట్టు గాడ్నే చిట్లుతదని
కొనేటోళ్ళకు నేనే చెప్తుంటి:
"నెలకోపారి మడత మార్సాలె అమ్మా."

స్కానింగు కాయితం ఎల్తురుకు వట్టి
సబీహా మేడం అన్నది:
"చిప్ప కింద పొర అరిగింది భూమయ్యా.
నున్నగుండాల్సింది గరుకైంది.
మళ్ళ మొలుస్తదని నేను చెప్ప.
తొడ కండ గట్టిగుంటె చిప్ప దారి తప్పదు."
తొడకు, చిప్పకు ఏం సంబంధమన్న.
మోకాలికి బోడిగుండుకు ముడేసినట్టే అనిపిచ్చింది.
నవ్వి, తువ్వాల చుట్టి మోకాలి కింద వెట్టింది.
"ఒత్తు. పది లెక్కవెట్టు. ఇడువు."
ఏడు కాడ తొడ వణికింది.

ఇంట్ల తువ్వాల తడిగున్నదని
బాలమణి పాత చీరె చుట్టిచ్చింది.
అంచు చూడంగనే గుర్తువట్టిన:
గద్వాల. డ్యామేజి మాలు. సగం ధరకు నేనే తెచ్చిన.

మెట్లెక్కితె మంచి కాలు ముందు,
దిగితె నొప్పి కాలు ముందు.
పరేడ్ గ్రౌండ్ మెట్రో కాడ, నడిమిట్ల
ఏది ఏదో మర్సిపోయి నిలవడ్త.
ఎనక పోరగాండ్లు, "అంకుల్, సైడ్."
లిఫ్టు ఉన్నది. దాంట్ల ముసలోళ్ళుంటరు.
నెల దినాలు ఎక్కలే.
ఇప్పుడు ఎక్కుతున్న.

రాత్రి దస్తీల ఐసు ముక్కలు.
పగలు దుకాణంల, పరుపు అంచుకు స్టూలు.
సేటు ఇచ్చిండు, మొకం మాడ్సుకోనే.
అరగంటకోపారి చీరెల కుప్ప కింద
ఎవలకు కనవడకుండ కాలు సాపుత.

మొన్న ఒకామె, సీమంతం చీరెలకొచ్చింది.
పై అర అందుకుందామని లేసిన.
కర్రుమన్నది.
ఆమె చేతులున్న చీరె అటిటు తిప్పి చూసింది.
"ఏందయ్యా, చినిగిందా?"
"లేదమ్మా, మడత మారుస్తున్న."

నొప్పి పోయిందా అంటె పోలే.
వానకు ముందుగాల నాకే తెలుస్తది.
కని ఏడు కాడ వణికేది
గీ వారం తొమ్మిదికి జరిగింది.