ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు

హ్రిప్సిమే రెండు సంచులు దించింది
లాబ్ గుమ్మంలో.
ఒకదానికి ఎర్రదారం, ఒకదానికి ఉత్త ముడి.
అర్పా నది మీది కొండల నుంచి యెరెవాన్ దాకా
మినీబస్సులో సగం దూరం నిలబడే వచ్చింది.
దారంతా డ్రైవరు అడుగుతూనే ఉన్నాడట,
"ఎవరమ్మా బస్సులో టీ కాస్తున్నది?"

రెంటిలోనూ ఉన్నది ఒకటే, ఉర్త్స్.
రాతి సందుల్లో నేలని కరుచుకుని
ఊదాపూలు పూసే మొక్క,
నలిపితే వాము ఘాటు.
భూతద్దం కింద పెట్టి చూశాను:
అదే ఆకు, అదే నూగు,
ఆకు వెనక అవే నూనె బుడ్డీలు
ఆవగింజలో వందోవంతు.
"ఒకటే కదా, రెండు సంచులెందుకు?"
"ఎర్రదారం ఎండవాలుది. గొంతుకి.
ఇది మంచు ఆగే పల్లంది. నిద్రకి."
ఇందులో అడగడానికేముంది అన్నట్టు
తలగుడ్డ సర్దుకుని
రసీదు కోసం చెయ్యి చాపింది.

వంద గ్రాములు, లీటరు నీళ్ళు, మూడు గంటలు.
గాజు మెడలోంచి ఆవిరి ఎక్కి
చల్లబడి, బొట్లు బొట్లుగా దిగి
నీళ్ళమీద లేతపసుపు తేలింది.
ఒడినిండా ఆకుకి
చెంచాలో పావు.

యంత్రం గీసిన గీతలో
ఎర్రదారానిది ఒకటే శిఖరం, థైమాల్,
పక్కన చిన్న గుట్ట, కార్వక్రాల్.
పల్లందాన్లో థైమాల్ జాడే లేదు.
జెరానియోల్, లినలూల్,
గులాబీ ఎవరో దారి తప్పి
వాము పొదలో కాపురం పెట్టినట్టు.
ఒకే ముఖంతో పుట్టిన అక్కాచెల్లెళ్ళు
ఒకతె కారం నూరింది, ఒకతె అత్తరు.

ఎవరికోసం?
మన గొంతు కోసం కాదు, మన నిద్ర కోసం కాదు.
మేక నాలుకకి చేదవడానికి,
పురుగు దవడ పట్టెయ్యడానికి,
పక్కనున్న విత్తు మొలకెత్తడం మానుకోడానికి.
పరిగెత్తలేనిదాని పిడికిలి అది.
పరిమళమని పేరు పెట్టుకున్నది మనం.

పెట్రీ పళ్ళెంలో స్టాఫిలోకాకస్ పరిచి
నూనె తడిపిన కాగితపు బిళ్ళ నడుమ పెట్టి
మర్నాడు మూత తీస్తే
పాలమీగడలా కమ్మిన తెలుపు మధ్య
గుండ్రంగా ఒక ఖాళీ.
ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు.
డాక్టర్ వార్తానెస్ స్కేలు పెట్టి రెండుసార్లు కొలిచాడు,
మూడోసారి ఊరికే పెట్టి చూసుకున్నాడు.
పల్లంది తొమ్మిది.
అందులో బిళ్ళే ఆరు.
"పనికిరాదు" అన్నాడు, చేతితొడుగులు విప్పుతూ.

సెప్టెంబరులో ఖాళీ సంచుల కోసం వచ్చింది హ్రిప్సిమే.
ఫోటో చూపించాను, కాస్త గొప్పగానే.
కళ్ళజోడు నుదుటిమీదికి తోసి చాలాసేపు చూసింది.
"ఇక్కడేమీ మొలవలేదు."
"అవును."
"దానికా మీ సంబరం?"
ముప్పై ఏళ్ళు రాళ్ళేరి
దుప్పటంత బార్లీచేను చేసుకున్న మనిషికి
మొలవని జాగాని మెచ్చుకోవడం ఎలా నేర్పను?
పుండు, చీము, ఆసుపత్రి అని ఏదో చెప్పాను.
తలూపింది, మర్యాదకి.

రెండో నూనెకి రిపోర్టులో దక్కింది ఒకే వాక్యం:
చెప్పుకోదగ్గ ప్రభావం లేదు.
దాని గీత చివర, ముప్పై ఒకటో నిమిషంలో
చిన్న బొడిపె ఒకటుంది.
యంత్రం జ్ఞాపకంలోని వేల పేర్లలో
ఏదీ దానికి అతకలేదు.
"తెలియనిది, సున్నా పాయింట్ మూడు శాతం" అని రాసి
పెన్ను మూతపెట్టాను.
నిద్రని కొలిచే పళ్ళెం
మా దగ్గర లేదు.

మళ్ళీ జూన్‌లో
ఎర్రదారం సంచి ఒక్కటే చాలని కబురు పెట్టాం.
రెండూ తెచ్చింది.
ఒకదానికి రసీదు రాయించుకుంది.
రెండోదాన్ని నా బల్ల కిందికి
బూటుతో మెల్లగా తోసి
బస్సు వేళయిందని వెళ్ళిపోయింది.